ఏరు అందరిదీ... పెంకులు మన కాళ్ళకా?

(అల్లూరులో రైతులు, వ్యవసాయ కూలీల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



వడ్ల ధర గురించో, యూరియా గురించో మాట్లాడతామనుకుని వచ్చుంటారు. అవీ మాట్లాడుకుందాం. ముందు ఏటి సంగతి చూద్దాం.

కనుమనాడు నెల్లూరులో ఏటి పండగ మనందరికీ తెలుసు. రంగనాయకుల గుడి దగ్గర పెన్న ఇసుకలో జనం కిటకిటలాడతారు. ఆడబిడ్డలు గొబ్బెమ్మల్ని నీళ్ళలో కలుపుతారు. ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం అందరూ కలిసి తింటారు. మనలో ఎంతోమంది చిన్నప్పుడు చుట్టాలింటికి పోయి ఆ ఇసుకలో ఆడుకున్నవాళ్ళమే. కాబట్టి ఏటికి జనం రావడం తప్పని మేము అనడం లేదు. ఏరున్నది జనం కోసమే.

మారింది జనం కాదు, ఏటితో జనానికున్న సంబంధం. ఒకప్పుడు ఏటికి పోయినవాళ్ళు ఇసుకలో చెలమ తోడుకుని ఆ నీళ్ళే తాగేవాళ్ళు. అక్కడే గొడ్లను కడిగేవాళ్ళు. తాను తాగే చెలమలో సీసా పగలగొట్టేవాడు ఎవడైనా ఉంటాడా? ఇప్పుడు వచ్చేవాళ్ళు నీళ్ళు కొనుక్కుని తెచ్చుకుంటున్నారు. మందూ తెచ్చుకుంటున్నారు. తాగిన సీసా రాతికేసి కొట్టి నవ్వుకుని పోతున్నారు. పొద్దుగూకితే ఆడవాళ్ళు గట్టు మీద నడవలేని పరిస్థితి. ఏటి దగ్గరే కాదు, మన కాలవ గట్లమీదా, తూముల దగ్గరా ఇదే తంతు.

దీంతో మనకేం పని అని కొందరు అడగొచ్చు. పెన్న నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు పారి సముద్రంలో కలుస్తుంది. సోమశిలలో ఆగి, సంగం దగ్గర మళ్ళి, కనిగిరి రిజర్వాయరు మీదుగా మన కాలవల్లోకి వస్తుంది. మనం చివరి భూముల వాళ్ళం. నీళ్ళు మనదాకా వస్తాయో రావో తెలియదు గానీ, చెత్త మాత్రం తప్పకుండా వస్తుంది. ప్లాస్టిక్ పళ్ళేలు షట్టర్లకు అడ్డం పడతాయి. గట్టుమీద పగిలిన సీసాల పెంకులు కాలవలోకి, కాలవలోంచి కయ్యలోకి చేరతాయి. నాట్లకు దిగేది చెప్పుల్లేని కాళ్ళతో. పెంకు దిగితే సూదిమందు, కట్టు, వారం పది రోజుల కూలి పోవడం. షుగరున్న మనిషైతే ఆ పుండు మానేదెప్పటికి?

తప్పంతా పట్నం వాళ్ళదని చెప్పి తప్పించుకోవద్దు. ఆ గుంపుల్లో మన బిడ్డలూ ఉన్నారు. పురుగుమందు డబ్బాలు కాలవలో కడిగి అక్కడే పారేసేది మనమే. ముందు మనం మానితేనే ఇంకొకరిని అడిగే నోరుంటుంది.

ఇంకో మాట. రేపు ఎవరో వచ్చి, జనం పాడు చేస్తున్నారు కాబట్టి కంచె వేస్తాం, టికెట్టు పెడతాం అంటారు. కంచె వేస్తే ముందు ఆగిపోయేది మన గొడ్లు. సీసా పగలగొట్టిన కుర్రాణ్ణి చూపించి, యంత్రాలతో ఏటిని తవ్వి నిలువెత్తు గుంటలు పెట్టినవాళ్ళను మరుగు చెయ్యడానికి మేము ఒప్పుకోం. ఈతకొచ్చిన పిల్లలు ఆ గుంటల్లో మునిగితే, అది పిల్లల అల్లరి మాత్రమేనా?

మరేం చెయ్యాలి? పక్క రాష్ట్రంలో నీలగిరి జిల్లాను చూడండి. అడవిలో పారేసిన సీసాల పెంకులు ఏనుగుల కాళ్ళలో దిగుతున్నాయన్న విషయం మద్రాసు హైకోర్టు ముందుకు వచ్చింది. 2022 నుంచి అక్కడి మద్యం దుకాణాల్లో సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే వెనక్కిస్తున్నారు. ఏనుగు కాలికి దక్కిన న్యాయం నాటువేసే కూలీ కాలికి దక్కకూడదా? ఈ పద్ధతి మన జిల్లాలోనూ పెట్టాలని అడుగుదాం. కాలవకు నీళ్ళు వదిలే ముందు తూముల దగ్గర చెత్త తీయించాలని, చెత్త ఆపే జల్లెడలు కట్టాలని నీటిపారుదల శాఖనూ నీటి సంఘాలనూ అడుగుదాం. ఇసుక గుంటలు తవ్వినవాళ్ళ చేతనే పూడ్పించాలని పట్టుబడదాం. మన వంతుగా, నాట్లకు ముందు ప్రతి ఊరూ ఒకరోజు కాలవమీదికి రావాలి.

ఇది అయ్యే పనేనా అనుకోకండి. 1992లో ఇదే జిల్లాలో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడితే 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. వాళ్ళు సారానే ఆపించగలిగితే, మనం సీసాను కాలవలో పడకుండా ఆపలేమా?

ఏటికి అందరూ రావాలి. పిల్లలు ఆడాలి, పండగ జరగాలి. వచ్చిన ప్రతి మనిషికీ ఈ నీళ్ళు కింద ఎవరి కయ్యలోకి పోతాయో తెలియాలి. ఆ మాట చెప్పాల్సింది మనమే. చెబుదాం.