క్రిస్మస్ కేకు, మన బల్ల

నాగపూర్‌లో స్థిరపడిన మనకు క్రిస్మస్ కమలాల కాలం కూడా. ఈసారి కేకు ఇంట్లోనే చేద్దాం.

3 గుడ్లు, 150 గ్రాముల పంచదార నురగ వచ్చేదాకా గిలక్కొట్టి, 120 మి.లీ. నూనె, అంతే కమలారసం పోస్తాం. డిసెంబరు చలికి వెన్న గట్టిపడుతుంది, నూనె గట్టిపడదు. 200 గ్రాముల మైదా, 2 చెంచాల బేకింగ్ పౌడరు జల్లించి కలుపుతాం. తొక్క పైపైనే తురుముతాం; లోపలి తెలుపు చేదు. 180 డిగ్రీల వేడిలో సుమారు 40 నిమిషాలు. వేడిమీదే పంచదార కలిపిన రసం పోస్తే మర్నాటికీ తడి ఆరదు.

మరి మన వీధి ఊడ్చే అక్క ఈ కేకు ఎక్కడ తింటుంది? గేటు దగ్గర కాగితంలో పెట్టి ఇస్తే అది దానం. మన బల్ల దగ్గర కూర్చోబెట్టుకుంటే సహవాసం. సుంకరులతో కలిసి భోంచేసిన ప్రభువు పుట్టినరోజు కదా! మొదటి ముక్క ఆమెకే కోద్దాం.