ఉక్కునగరము నుండి ఉక్కునగరమునకు



పై చదువునకు పరదేశము పోవుట భిలాయికి క్రొత్త విషయము కాదు. 1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వములు ఒడంబడిక చేసికొనినవి. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ఇచ్చట మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఆ దినములలో ఇంజనీర్లు శిక్షణకై సోవియట్ దేశమునకు వెళ్ళి, రష్యను మాటలు నేర్చి వచ్చిరి. నేడు ఐరోపా వైపు చూచు భిలాయి తెలుగు బిడ్డలు తెలిసికొనదగిన చిన్న దేశమొకటి కలదు. అది లక్సెంబర్గు.

ఫ్రాన్సు, జర్మనీ, బెల్జియముల నడుమనున్న ఆ దేశపు వైశాల్యము 2,586 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య ఏడు లక్షలకు లోపే. అందు దాదాపు సగము విదేశీయులు. దక్షిణ ప్రాంతపు ఇనుపరాయి ఆ దేశమునకు కలిమి తెచ్చినది. 1970 తరువాత ఉక్కునకు గడ్డుకాలము వచ్చి, 1997లో చివరి బ్లాస్టు ఫర్నేసు ఆరిపోయినది. అయినను ఎష్ పట్టణమునందలి బెల్వాల్‌లో రెండు పాత ఫర్నేసులను కూల్చక నిలిపిరి. వాని చెంతనే విశ్వవిద్యాలయపు భవనములు కట్టిరి. 2003లో స్థాపితమైన లక్సెంబర్గు విశ్వవిద్యాలయమునకు 2015 నుండి అదియే ముఖ్యస్థానము. 2003కు పూర్వము ఆ దేశపు బిడ్డలే పూర్తి డిగ్రీ కొరకు పొరుగు దేశములకు పోవలసివచ్చెడిది. నేటికిని అచ్చటి బ్యాచిలర్ విద్యార్థి ఒక సెమిస్టరు పరదేశమున చదువవలెను.

ఇక భాష మాట. అచ్చటి బిడ్డ ఇంట లక్సెంబర్గిష్ పలుకును. పరంపరగా బడిలో అక్షరాభ్యాసము జర్మనులో జరిగినది. పై తరగతులలో ఫ్రెంచి ప్రధానమగును. చట్టములు ఫ్రెంచిలో వ్రాయుదురు. విశ్వవిద్యాలయమున కొన్ని కోర్సులు ఇంగ్లీషులోనే నడచును. కొన్నింటికి రెండు భాషలు కావలెను. కావున దరఖాస్తు చేయుటకు ముందే ఏ కోర్సు ఏ భాషలోనో విచారించుకొనవలెను. ఇంగ్లీషు కోర్సులో చేరినవారికిని అంగడిలో, కచేరీలో, ఉద్యోగపు వేటలో ఫ్రెంచి ఎంతయో తోడ్పడును. 2020 నుండి బస్సు, ట్రాము, రెండవ తరగతి రైలు ఉచితమే కాని, గది అద్దె మిక్కిలి ప్రియము.

ఇన్ని భాషల నడుమ భిలాయి బిడ్డ బెదరనక్కరలేదు. తల్లితో తెలుగు, వీధిలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ, బడిలో ఇంగ్లీషు పలికిన నోటికి ఫ్రెంచి మరియొక పొరుగింటి భాష యగును. ఇది ఈ ఊరు బిడ్డలకిచ్చిన ఆస్తి.

అయితే ఆ ఆస్తిలో ఒక లోటు కలదు. ఇచ్చట పుట్టి పెరిగినవారిలో తెలుగు మాటలాడగలిగియు తెలుగు అక్షరము చదువలేని పిల్లలు పలువురు. తాతగారు స్వహస్తముతో వ్రాసిన నాలుగు పంక్తులను ఇంకొకరిచే చదివించుకొనవలసిన స్థితి వారిది. ఇంట ఉన్నంతకాలము ఆ లోటు కనబడదు. దూరదేశమున, తెలుగు మాట వినబడని గదిలో, అది తెలిసివచ్చును.

లక్సెంబర్గువారు చదువునకు, కొలువునకు ఇరుగుపొరుగు భాషలను ఆశ్రయించిరి. ఇంటి భాషను మాత్రము విడువలేదు. 1984లో చట్టము చేసి దానిని జాతీయభాషగా ప్రకటించిరి. భిలాయి తెలుగునకు అట్టి చట్టము లేదు. తల్లిదండ్రులును, ఇట్టి సమాజములును మాత్రమే దానికి దిక్కు.

ఆదివారమున ఒక్క గంట పలక ముందు కూర్చుండబెట్టిన చాలును. పాస్‌పోర్టు చేతికి వచ్చులోపుగా ప్రతి బిడ్డయు తన యింటికి తెలుగున ఒక ఉత్తరము వ్రాయగలుగవలెను. పరదేశము చేరిన పిదప ఆ మొదటి ఉత్తరము ఏ అక్షరములలో వచ్చునో, అది నేడు ఈ ఇండ్లలోనే నిర్ణయమగుచున్నది.