ముల్లు కదిలిన క్షణం

 

పదో తరగతిలో ఇనుప కడ్డీకి రెండు తీగచుట్టలు చుట్టి, ఒకటి బ్యాటరీకీ రెండోది గాల్వనోమీటరుకీ కలిపాను. ముల్లు ఒక్కసారి ఉలిక్కిపడి సున్నాకి వచ్చేసింది. "మీటరు పాడైంది సార్" అన్నాను. సైన్సు మాష్టారు నవ్వి, "బ్యాటరీ తీగ ఊడదీసి చూడరా" అన్నారు. ఈసారి ముల్లు అటువైపు కదిలింది.

1831 ఆగస్టు 29న లండన్‌ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే చూసిందీ ఇదే. ఆయన కమ్మరి కొడుకు. పుస్తకాల బైండింగ్ నేర్చుకుంటూ, బైండింగుకొచ్చిన పుస్తకాలే చదువుకున్నాడు. హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్న నోట్సు తానే బైండు చేసి డేవీకి పంపాడు. 1813లో ఆయనకే సహాయకుడయ్యాడు. లెక్కలు పెద్దగా రావు (నాకు ధైర్యమిచ్చిన సంగతి ఇదే!). కరెంటు నిలకడగా పారుతున్నంతసేపూ రెండో చుట్టలో చలనం లేదు. కలిపినప్పుడూ, తీసినప్పుడూ మాత్రమే ఉంది. మారుతున్న అయస్కాంతత్వమే కరెంటు పుట్టిస్తుందని ఆయన పట్టుకున్నాడు. ఆ ఇనుప రింగే నేటి ట్రాన్స్‌ఫార్మర్‌కు మూలం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ రాత్రి సబ్‌స్టేషన్‌లో అమ్మీటరు ముల్లు ఒకసారి ఎగిరి సర్దుకుంది. మీటరు తప్పేలే అనుకుని లాగ్‌బుక్కులో రాయలేదు. మూడోరోజు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మోటార్లు ఆగి, రెండు ఊళ్లలో పొట్టమీదున్న వరి ఎండింది.

మాష్టారూ, మీరు ముందు వరసలోనే కూర్చున్నారు. ఈ సంగతి మీకు ఇవాళే చెబుతున్నాను.