చలికాలపు ఢిల్లీ గాలి – మన తెల్లవారుజాము నడక



యూనిఫాం వేసుకున్నవాళ్ళకి ఒక అలవాటు కడదాకా పోదు. తెల్లారకముందే లేచి, కాన్వాసు బూట్లు వేసుకుని బయటపడటం. మంచి అలవాటే. అయితే ఢిల్లీలో దీపావళి నుంచి సంక్రాంతి దాకా ఇదే మన ఒంటికి చేటు కావచ్చునని మనవి చేయడానికే నిలబడ్డాను.

కారణం చెబుతాను. చలికాలం రాత్రిళ్ళు నేలతోపాటు దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. పైనున్న వెచ్చటి గాలి దానికి మూతలా నిలుస్తుంది. వాహనాల పొగ, చెత్త మంటలు, కట్టడాల దుమ్ము, అక్టోబరు, నవంబరుల్లో పంజాబు, హర్యానా పొలాల్లో వరి కొయ్యకాళ్ళు కాల్చిన పొగ, అన్నీ ఆ మూత కిందే. బాగా ఎండ ఎక్కితేగాని అది తొలగదు.

ఇందులో పి.ఎం. 2.5 అనే కణాలు తలవెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు. ముక్కూ గొంతూ వీటిని ఆపలేవు. ఊపిరితిత్తుల అడుగుకు పోతాయి, మరీ సన్నవి నెత్తుట్లో కలుస్తాయి. అందుకే దగ్గు, ఆయాసంతో ఆగదు. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. 2013లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కలుషితమైన బయటి గాలిని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. 24 గంటల సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటరాదని మన ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 చాలంది. చలికాలం చెడ్డ రోజుల్లో ఢిల్లీలో ఇది 300 దాటుతుంది!

కూర్చున్న మనిషి నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలిస్తే, పరుగెత్తేవాడు దానికి ఎన్నో రెట్లు పీలుస్తాడు, అదీ నోటితో. 2017 డిసెంబరులో కోట్లా మైదానంలో శ్రీలంక క్రికెటర్లు మాస్కులు కట్టుకుని ఆడింది మీకు గుర్తుండే ఉంటుంది.

మరి ఏం చేద్దాం? వాతావరణం చూడకుండా పెట్రోలింగుకి బయల్దేరం కదా, నడకకీ అంతే. ఫోనులో గాలి నాణ్యతా సూచీ చూడండి. 200 దాటితే పరుగు మానండి. 300 దాటితే పిల్లలు, పెద్దవాళ్ళు, గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఇంట్లోనే వ్యాయామం చేసుకోవాలి. బయటికి తప్పనిసరైతే ఎన్-95 మాస్కు, జేబురుమాలు పనికిరాదు. ఛాతీ నొప్పి, కొత్తగా ఆయాసం వస్తే ఓర్చుకోకండి, ఆస్పత్రికి వెళ్ళండి.

గేటు దగ్గర నిలబడే జవానుకి ఇంట్లో కూర్చునే వీలు లేదు. కనుక అధికారం చేతిలో ఉన్నవారికి ఒక మాట. ఆ రోజుల్లో పి.టి. వేళ మార్చండి, సెంట్రీకి మాస్కు ఇప్పించండి. కాలనీలో రాత్రి కాపలావాడు చలికి పుల్లలు మండించకుండా ఒక హీటరు కొనిపెట్టండి. ఖర్చు స్వల్పం, కాపాడేది మన ఊపిరినే.

జైహింద్.