ఏడు సంతకాలు, ఒక పత్రిక

తనకల్లులో జరిగే స్మారకసభలో హైదరాబాదు సంస్థానం మాట ఎందుకనే సందేహం ఎవరికైనా రావచ్చు. 1800కు ముందు ఈ నేల కూడా నిజాముదే. టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధాల్లో తన వాటాకొచ్చిన సీమనంతా, ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద నిజాం ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. అప్పుడే ఈ ప్రాంతానికి దత్తమండలాలన్న పేరొచ్చింది, మన్రో కలెక్టరుగా వచ్చాడు. తనకల్లు ఉన్న కదిరి తాలూకా చాలాకాలం కడప జిల్లాలో ఉండి 1910లో అనంతపురంలోకి మారింది. ఆ 1800 ఒప్పందం జరగకపోయుంటే 1948 వేసవిలో రజాకార్లనే ప్రైవేటు సైన్యం కవాతు తనకల్లు దారుల్లోనూ వినబడేదేమో.

ఇంకో కారణం కూడా ఉంది. అనంతపురం సీమలో కుళ్ళాయప్ప, దస్తగిరి అని హిందువుల ఇళ్లల్లోనూ పేర్లు పెట్టుకుంటారు. గూగూడు కుళ్ళాయిస్వామి పీర్ల దగ్గర అగ్నిగుండం తొక్కేవాళ్లను కులమేమిటని, మతమేమిటని ఎవరూ అడగరు. హైదరాబాదు కథను "నిజాం ముసల్మాను, జనం హిందువులు, అందుకే పోట్లాట" అని మూడు ముక్కల్లో తేల్చేస్తే మొదట అనుమానం రావలసింది ఇలాంటి ఊళ్లవాళ్లకే.

నిజానికి ఆ మూడు ముక్కల కథ నిలబడదు. నిజాం పాలనకు పల్లెల్లో ఆసరాగా నిలిచిన దేశ్‌ముఖుల్లో ఎక్కువమంది హిందువులు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపింది విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి మనుషులు. అంతకు ఆరేళ్ల ముందు అదే దేశ్‌ముఖు మీద భూమి కోసం పోరాడి ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ ముసల్మాను. 1947 సెప్టెంబరు 11న నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపు ఇచ్చిన ముగ్గురిలో రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిల పక్కన మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నాడు. సిటీ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వదిలేసి వచ్చిన ఉర్దూ కవి ఆయన.

మఖ్దూం వెనక ఒక పార్టీ ఉంది, ఉద్యమం ఉంది, అజ్ఞాతవాసంలో అన్నం పెట్టే ఇళ్లున్నాయి. అవేవీ లేనివాళ్లు ఇంకొందరున్నారు. వాళ్ల సంగతి పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యానికి మించి రాలేదు. ఈ ఉపన్యాసం వాళ్ల కోసమే.

1948 ఆగస్టు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది. నిజాం మాత్రం కిందటి నవంబరు 29న భారతదేశంతో కుదిరిన యథాతథ ఒప్పందం చాటున రోజులు లాక్కొస్తున్నాడు. ప్రధానమంత్రి మీర్ లాయక్ అలీ. అసలు పెత్తనం లాతూరు వకీలు కాసిం రజ్వీది. ఇత్తెహాదుల్ ముస్లిమీన్ పార్టీకి అధ్యక్షుడై, రజాకార్లను సొంత సైన్యంలా నడుపుతున్నాడు. అతని ప్రచారమంతా ఒక్క వాదం మీదే నడిచింది: ఈ రాజ్యం ముసల్మాన్లది, కాబట్టి రజాకార్లను కాదన్న ముసల్మాను ద్రోహి. పల్లెల్లో దోపిడీలూ దహనాలూ సాగుతుంటే తుంగభద్ర దాటి కర్నూలు వైపు, కృష్ణ దాటి ఆంధ్ర జిల్లాల వైపు జనం పారిపోయారు.

సరిగ్గా ఆ నెలలోనే హైదరాబాదులో ఏడుగురు ముస్లిం పెద్దలు ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. రజాకార్లను రద్దు చెయ్యాలనీ, సంస్థానం భారతదేశంలో చేరాలనీ దాని సారాంశం. నవాబు మంజూర్ జంగ్, బాఖర్ అలీ మీర్జా, ముల్లా అబ్దుల్ బాసిత్, ఫరీద్ మీర్జా ఆ ఏడుగురిలో ఉన్నారు. వీళ్లు విప్లవకారులు కారు. సర్కారు కొలువులూ పరువు ప్రతిష్ఠలూ ఉన్న కుటుంబాలవాళ్లు. నోరు మూసుకుని కూర్చుంటే ఎవరూ వాళ్ల జోలికి వచ్చేవాళ్లు కారు.

ఫరీద్ మీర్జా నాందేడ్ జిల్లాలో తహసీల్దారు. రజాకార్లు తన ఇలాకాలో ఏం చేస్తున్నారో కచేరీ కుర్చీలోంచే చూశాడు. పైవాళ్లకు చెప్పి లాభం లేదని తెలిశాక రాజీనామా చేశాడు. తహసీల్దారంటే ఆ రోజుల్లో తాలూకాకు చిన్న రాజు. ఆ కుర్చీని వదులుకుని నగరానికి వచ్చి ఆ కాగితం మీద పేరు రాశాడు.

ఆ ప్రకటనను అచ్చువేసిన ఉర్దూ పత్రిక పేరు 'ఇమ్రోజ్'. అంటే 'నేడు'. సంపాదకుడు షోయబుల్లా ఖాన్, వరంగల్ జిల్లా మానుకోట ప్రాంతంలో 1920లో పుట్టినవాడు. తండ్రి రైల్వే పోలీసుశాఖలో పనిచేశాడు. ఉస్మానియాలో చదివి పత్రికల్లోకి వచ్చిన షోయబ్ మొదట 'తేజ్'లో, ఆపైన మందుముల నరసింగరావు నడిపిన 'రయ్యత్'లో పనిచేశాడు. ఆ రెండింటినీ సర్కారు మూయించింది. మూడోది తనే పెట్టుకున్నాడు. 1947 నవంబరులో 'ఇమ్రోజ్' మొదలైంది. రెండు పత్రికలు మూతపడటం కళ్లారా చూసినవాడు, పదిమందీ భయంతో ఒదిగిన ఆ నెలల్లో, మూడోదానికి సంపాదకుడిగా తన పేరు వేసుకోవడం మామూలు తెగువ కాదు. 1948 జనవరిలో 'పగటి ప్రభుత్వం, రాత్రి ప్రభుత్వం' అని సంపాదకీయం రాశాడు. పగలు అధికారులు, రాత్రి రజాకార్లు. రెండు ముక్కల్లో సంస్థానం పరిస్థితినంతా చెప్పిన శీర్షిక అది.

అతను ఉర్దూలో రాశాడన్నది మరచిపోకూడదు. బొంబాయిలోనో మద్రాసులోనో ఇంగ్లీషులో రజ్వీని తిట్టిన వ్యాసాలు బోలెడు. వాటివల్ల రజ్వీకి పోయేదేమీ లేదు, పైగా శత్రువుల కుట్ర అని చూపించుకోవడానికి పనికొచ్చేవి. కానీ రజ్వీ సభలో ఏ భాష మాట్లాడతాడో అదే భాషలో, ఆ సభకు వచ్చినవాడి ఇంటి గుమ్మంలోకే చేరే పత్రికలో, ఇది తప్పు అని ఒక ముసల్మాను రాస్తే? ముసల్మాన్లందరూ నా వెనకే ఉన్నారన్న మాట అక్కడికక్కడే అబద్ధమైపోతుంది. రజ్వీకి తగిలింది ఆ దెబ్బ.

ఆగస్టు 19న జమ్రూద్ మహల్ సభలో రజ్వీ, తమకు ఎదురు రాసే చేతులను ఉండనివ్వబోమని బాహాటంగా బెదిరించాడు. రెండు రోజులకే, 21 అర్ధరాత్రి, పత్రిక పని ముగించుకుని కాచిగూడ వైపు నడిచి వస్తున్న షోయబ్ మీద దుండగులు పడ్డారు. తుపాకీతో కాల్చారు, చెయ్యి నరికారు. వెంట ఉన్న బావమరిది ఇస్మాయిల్ ఖాన్ మీదా కత్తి దూశారు. 22 తెల్లవారేసరికి షోయబ్ లేడు. అతనికి అప్పటికింకా ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు.

ఇలాంటి ఇరవైల వయసు చావులు అంతకు అయిదేళ్ల ముందు జర్మనీలోనూ జరిగాయి. మ్యూనిక్ విశ్వవిద్యాలయం విద్యార్థులు హన్స్ షోల్, అతని చెల్లెలు సోఫీ, వాళ్ల మిత్రులు 'వైట్ రోజ్' పేరుతో హిట్లర్‌కు వ్యతిరేకంగా ఆరు కరపత్రాలు వేశారు. 1943 ఫిబ్రవరి 18న కరపత్రాలు పరుస్తుండగా విశ్వవిద్యాలయం నౌకరే వాళ్లను పట్టించాడు. 22న తీర్పు, ఆరోజే తలలు నరికారు. సోఫీకి 21 ఏళ్లు. బెర్లిన్‌లో ఓటో, ఎలీజె హాంపెల్ అనే కార్మిక దంపతులు, ఎలీజె తమ్ముడు యుద్ధంలో చనిపోయాక, చేత్తో పోస్టుకార్డులు రాసి మెట్లమీద, గడపల దగ్గర వదిలిపెట్టారు. రెండేళ్లలో రెండు వందల పైచిలుకు కార్డులు. అవి దొరికినవాళ్లలో ఎక్కువమంది చదివి, భయపడి, తిన్నగా పోలీసులకు అప్పజెప్పారు. ఆ భార్యాభర్తలను 1943 ఏప్రిల్‌లో చంపేశారు. కార్డు తీసిచ్చిన ఒక్కొక్కడూ పక్కింటివాడే, అదే భాష మాట్లాడేవాడే. సొంతవాళ్ల మధ్య ఎదురుతిరిగినవాడి ఒంటరితనం ఎంతటిదో ఆ కార్డులు చెబుతాయి.

రజాకార్లను నాజీలతో సమానం చెయ్యడం చరిత్రకు అన్యాయం. నాజీ రాజ్యం లక్షల మందిని యంత్రంలో వేసినట్టు చంపింది. హైదరాబాదు చుట్టూ స్వతంత్ర భారతం ఉంది, సంస్థానం లోపల పెద్ద రైతు ఉద్యమం ఉంది. అయినా 1948 ఆగస్టులో ఆ నగరంలో, ఆ ఏడుగురి ఇళ్ల ముందు కాపలా నిలిచినవాళ్లెవరూ లేరు. ఆ మటుకు పోలిక సరిపోతుంది.

ఇంకొక పోలిక ద్రోహి అన్న మాట. 1944 జులై 20న హిట్లర్ మీద బాంబు పెట్టిన సైనికాధికారులను యుద్ధం ముగిశాక కూడా చాలామంది జర్మన్లు దేశద్రోహులనే అన్నారు. 1951లో ఒట్టో రేమర్ అనే మాజీ సైనికాధికారి ఆ మాటే బహిరంగంగా అంటే, ఫ్రిట్జ్ బావర్ అనే ప్రాసిక్యూటరు అతన్ని బ్రౌన్‌ష్వైగ్ కోర్టుకు లాగాడు. అన్యాయమే చట్టమైన రాజ్యానికి ద్రోహమన్నదే ఉండదని వాదించాడు. 1952లో రేమర్‌కు మూడు నెలల శిక్ష పడింది. యుద్ధద్రోహం కింద నాజీ కోర్టులు వేసిన శిక్షలన్నిటినీ జర్మన్ పార్లమెంటు రద్దు చేసేసరికి 2009 వచ్చింది.

షోయబ్‌ను చంపిన మూడు వారాలకే, సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలో అడుగుపెట్టింది. 17న నిజాం లొంగిపోయాడు. రజ్వీ జైలుకు పోయి, 1957లో విడుదలై, పాకిస్తాను వెళ్లిపోయాడు. కథ అక్కడితో ముగిసిందని చాలామంది అనుకుంటారు. ముగియలేదు. సైన్యం వచ్చిన రోజుల్లో, ఆ తర్వాతా, ముఖ్యంగా మరాఠీ జిల్లాల్లో ముసల్మాన్ల మీద ఊచకోత సాగింది. రజాకార్లతో ఏ సంబంధమూ లేనివాళ్లు వేల సంఖ్యలో చచ్చిపోయారు. నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తిరిగి చూసి, చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేశారు. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు బయట పెట్టలేదు.

ఫరీద్ మీర్జా పెద్దరికం ఇక్కడే బయటపడుతుంది. రజాకార్లు చేసినదాన్ని సహించలేక కుర్చీ వదిలినవాడు, సైన్యం వచ్చాక జరిగినదాన్ని కూడా చూసి ఊరుకోలేదు. పోలీసు చర్య అని పిలిచిన ఆ సైనిక ప్రవేశానికి ముందు తను చూసినదీ తర్వాత చూసినదీ కలిపి, ఒకే చిన్న పుస్తకంగా 1976లో అచ్చువేశాడు. మొదటి సగం రాసినందుకు కొందరు ముసల్మాన్లకు అతను పనికిరాలేదు, రెండో సగం రాసినందుకు విజయోత్సవాల వేదికలకు పనికిరాలేదు. రెండు సగాలూ ఒకే చేత్తో రాసిన మనిషి కాబట్టే అతని సాక్ష్యాన్ని నమ్మవలసి వస్తుంది.

సెప్టెంబరు 17 వచ్చినప్పుడల్లా ఇది విమోచనమా, విలీనమా, విద్రోహమా అని హైదరాబాదులో వాదన లేస్తుంది. ఆ వాదనల్లో ఈ ఏడుగురి పేర్లు ఎవరి నోటా అరుదుగా వినిపిస్తాయి. ఒక పక్షం చెప్పుకోవడానికి వాళ్ల మతం అడ్డు, ఇంకో పక్షానికి వాళ్ల సంతకం అడ్డు.

ఓటర్లు మాత్రం ఒకసారి వేరే విధంగా తేల్చారు. 1962 లోక్‌సభ ఎన్నికల్లో, షోయబ్ పుట్టిన వరంగల్ జిల్లాలో, రజాకార్ల కాలాన్ని ఒళ్లంతా అనుభవించిన పల్లెల రైతులు బారులు తీరి ఓట్లేశారు. వరంగల్ నియోజకవర్గం నుంచి గెలిచి ఢిల్లీ వెళ్లినవాడు ఆ ఏడుగురిలో ఒకడైన బాఖర్ అలీ మీర్జా.