పెద్దలకు ఇంటి వ్యాయామము



వ్యాయామమను మాట వినగానే మన గోదావరి మండలముల పెద్దలు చిరునవ్వు నవ్వుదురు. “అది తాలింఖానాలోని పడుచువాండ్రకు గాని, అరువదేండ్లు దాటిన మాకేల?” అందురు. కోడి రామమూర్తినాయుడుగారివలె ఇనుపగొలుసులు త్రెంపుడని చెప్పుటకు నేను రాలేదు. ఒకరి చేయూత లేకుండ కుర్చీనుండి లేచుట, పెరటివరకు తడబడక నడచుట, ఈ రెండింటిని కడవరకు నిలుపుకొనుట ఎట్లో చెప్పుటయే నా యుద్దేశము.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప ఈ డెల్టా వరిచేలకు నెలవైనది. మన తాతలకు ఆకుతీత, ఊడ్పు, కోత, కుప్పనూర్పు. అమ్మమ్మలకు రోకటిపోటు, తిరుగలి, కాలువనుండి నీళ్లబిందె. ఆ పనియే వారికి సాము. నేడు ట్రాక్టరు దున్నును, యంత్రము కోసి నూర్చును, మిల్లు బియ్యమాడును, కుళాయి నీరిచ్చును. ఈ సుఖమును నేను నిందింపను. నడుము వంచి ఊడ్చినవారికే దాని విలువ తెలియును. కాని దేహమునకు వలసిన కదలికను యంత్రము మనకు బదులుగా చేసిపెట్టదు.

అందులోను వానకాలమున గట్లు జారును, బాటలు బురదయగును. గోదావరికి వరద వచ్చినప్పుడు లంకగ్రామముల పెద్దలకు ఇల్లే లోకము. అరుగుమీద కూర్చున్నవారు కూర్చున్నట్లే యుందురు. తొడల కండలు తెలియకుండనే కరగిపోవును. ఒకనాడు స్నానపుగదిలో కాలు జారును, తుంటియెముక విరుగును. పడుదుమను భయముచేత కదలరు. కదలనందున మరింత నీరసింతురు. నీరసించినందున మరల పడుదురు. ఈ చక్రమును మధ్యలో ఆపవలెను.

పోయిన బలము ముసలితనమున తిరిగి రాదనుట నిజము కాదు. అమెరికాలో వృద్ధాశ్రమమున నున్న, 90 ఏండ్లకు అటునిటుగా వయస్సుగల బలహీనులు 10 మంది, శిక్షకుల యెదుట 8 వారములు కాళ్లతో బరువులెత్తు అభ్యాసమునకు పూనుకొనిరి. కడవరకు చేసిన 9 మంది తొడల బలము సగటున రెండున్నర రెట్లకు మించినది. ఈ ఫలితములు 1990లో ప్రకటింపబడినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020లో చేసిన సూచనల ప్రకారము, 65 ఏండ్లు దాటినవారు వారమునకు 150 మొదలు 300 నిమిషముల వరకు, మాటలాడగలిగినను పాడలేనంత ఆయాసము కలుగునట్లు శరీరమును కదల్పవలెను. కండరబలమునకై వారమునకు రెండు దినములైనను, తూలిపోకుండుటకై మూడు దినములైనను అభ్యాసము చేయవలెను. అంత చేయలేనివారు చేయగలిగినంత చేసినను మేలే.

ఇక నేర్పు గురువెవరు? ఈ ప్రశ్నకు రేడియోయే తొలుత సమాధానము చెప్పినది. జపానులో 1928లో రేడియోద్వారా దినదినము వ్యాయామము నేర్పుట మొదలైనది. యుద్ధానంతరము కొంతకాలము నిలిచినను, 1951లో తిరిగి ప్రారంభమై నేటికిని సాగుచున్నది. 2020 మార్చిలో కరోనా కారణమున మనమందరము తలుపులు మూసికొని యున్నప్పుడు, అట్టి తరగతులే సెల్ ఫోనులోనికి వచ్చినవి. నేడు మనుమని చేతిలోని ఆ ఫోనునందు తెలుగున వ్యాయామము నేర్పువారు పెక్కుమంది కలరు. కుర్చీ విడువకయే చేయదగిన యోగాభ్యాసములును అందున్నవి.

అయితే అన్నియు మనకు తగినవి కావు. ఏరుకొనుటకు కొన్ని గుర్తులు చెప్పెదను. కూర్చుండి చేయువారికిని, నిలువగలవారికిని వేరువేరుగా చూపవలెను. శిక్షకుడు నెమ్మదిగా, స్పష్టముగా మాటలాడవలెను. వెనుక వాద్యముల హోరు ఉండరాదు. వినికిడి తగ్గినవారికై మాటలు అక్షరములుగా తెరపై కనబడవలెను. చూపు మందగించినవారికై “ఇట్లు చేయుడు” అని ఊరకొనక, ఏ చేయి, ఎటు, ఎంత యెత్తున అని పలుకవలెను. రేడియోలో నేర్పువానికి ఇది తప్పనిసరి. కన్నులు మూసికొని విన్నను అర్థమగు పాఠమే మంచి పాఠమని నా మతము. అచ్చుపడిన పుస్తకమువలె, ఆపి మరల మరల చూచుటకు వీలుగా నుండుట ఇంకొక సుగుణము.

ఇప్పుడే యొకటి చేసి చూతము. చేతులుగల గట్టి కుర్చీని గోడకానించుడు. దాని అంచున కూర్చుండి, పాదములు రెండును నేలమీద ఆనునట్లుంచుడు. మోకాళ్లకంటె మడమలు కొంచెము వెనుకగా నుండవలెను. తలను ముందుకు వంచి మెల్లగా లేచుడు. ఒక ఊపిరి పీల్చి విడిచినంతసేపు నిలిచి, మెల్లగా కూర్చుండుడు. కుర్చీచేతులు పట్టుకొనుట సిగ్గు కాదు. మొదట ఐదుమార్లు చాలును. ఊపిరి బిగబట్టరాదు.

ఫోనులోని గురువునకు మీరు పడబోవునప్పుడు పట్టుకొను చేయి లేదు. కావున మొదటి దినములలో ఇంటివారొకరు ప్రక్కన నుండవలెను. తడినేలమీదను, జారు చాపమీదను చేయరాదు. భోజనము కాగానే చేయరాదు. గుండెజబ్బు, అధిక రక్తపుపోటు గలవారు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు వైద్యుని అడిగి మొదలిడవలెను. రొమ్మున నొప్పిగాని, తల తిరుగుటగాని కలిగిన వెంటనే మాని కూర్చుండి ఇంటివారిని పిలువుడు. నొప్పి తగ్గకున్న ఆలస్యము చేయక వైద్యసహాయము పొందుడు.

పడుచువారికి ఒక మాట. తాతగారికి ఫోను చూపుట విసుగని తలంపకుడు. దినమునకు పావుగంట మీరు వారి ప్రక్కన కూర్చున్నచో, రేపు వారిని మంచముమీదనుండి లేవనెత్తు అవసరము మీకు తప్పవచ్చును. వృద్ధులారా, మీరును అడుగుటకు మొగమోటపడకుడు. పొలము పనులు మిమ్ము విడిచినవి. మీ కాళ్లు మిమ్ము విడువకుండునట్లు చూచుకొనుడు. రేపు ఉదయము కాఫీకి ముందు, ఆ కుర్చీనుండి ఐదుమార్లు లేచి కూర్చుండుడు.