తొలి ఉద్యోగం: వాళ్లు అడిగే ప్రశ్నలు, మనం అడగాల్సిన ప్రశ్నలు

(జిల్లాల నుంచి వచ్చిన మహిళా కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నాకిచ్చిన అంశం "మొదటి ఉద్యోగానికి వెళ్లే అమ్మాయి ఇంటర్వ్యూలో మెప్పించడం ఎలా?" అని. ఆ మాట చదివినప్పుడు మీలో కొందరు నవ్వారు. హక్కుల గురించి మాట్లాడుకునే చోట యజమానిని మెప్పించే విద్య ఎందుకని కాబోలు. నాకు మాత్రం ఇది అవసరమైన అంశంగానే తోచింది. ఇంటర్ పాసయ్యో, డిగ్రీ మధ్యలో ఆపేసో బట్టల షోరూములో సేల్స్‌కి, ఆస్పత్రిలో రిసెప్షన్‌కి, సూపర్‌మార్కెట్‌లో బిల్లింగ్‌కి వెళ్లే అమ్మాయికి ఆ ఉద్యోగం వస్తే చాలాసార్లు పెళ్లి రెండేళ్లు వెనక్కి జరుగుతుంది. రాకపోతే వచ్చే మాఘంలోనే ముహూర్తం. ఆ పది నిమిషాలను మనం తేలిగ్గా తీసుకోలేం.

శిక్షణ కేంద్రాల్లో నమూనా ఇంటర్వ్యూలు జరుగుతుంటే నేను వెనక బల్ల మీద కూర్చుని చూస్తుంటాను. "నీ గురించి చెప్పమ్మా" అనగానే పేరు, ఊరు, నాన్న పేరు, ఆయన చేసే పని. అక్కడితో ఆగిపోతుంది. "ఇంతకుముందు ఏమైనా పని చేశావా?" అంటే "లేదు సార్, ఇంట్లోనే ఉన్నాను." అదే అమ్మాయిని టీ తాగేటప్పుడు కదిపి చూడండి. వాళ్లమ్మ పొదుపు సంఘం పుస్తకాలు తనే రాస్తుంది, బ్యాంకుకెళ్లి వాయిదాలు కట్టి వస్తుంది, లెక్కలో తేడా వస్తే ఎక్కడ తప్పిందో పట్టుకునేది కూడా తనే. బిల్లింగ్ కౌంటర్‌కి ఇంతకంటే ఏం కావాలి?

ఇది ఆ పిల్ల బెరుకు మాత్రమే కాదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు. దాదాపు ఐదు గంటల చాకిరీని ఇల్లూ లెక్కపెట్టదు, లోకమూ లెక్కపెట్టదు. ఇక ఆ అమ్మాయి ఎలా లెక్కపెడుతుంది? అందుకని మన శిక్షణలో మొదటి వారమంతా ఈ లెక్కకే కేటాయించాలంటాను. చిన్నప్పటి నుంచి ఏమేం చేశావు, ఎన్నాళ్లు చేశావు, ఎంత డబ్బు నీ చేతుల మీదుగా నడిచింది, ఏ గొడవ సర్దావు అని అడిగి రాయించాలి. "నేను కష్టపడి పనిచేస్తాను సార్" అనే మాట అందరూ చెప్పేదే. "రెండేళ్లు సంఘం లెక్కలు రాశాను" అన్నప్పుడు అవతలి మనిషి కాగితం మీద నుంచి తలెత్తుతాడు.

తలెత్తడం అంటే గుర్తొచ్చింది. పద్దెనిమిదేళ్లు తల దించుకు నడువు, ఎదురు చెప్పకు అని పెంచి, మూడు నెలల శిక్షణలో కళ్లలోకి చూసి మాట్లాడమంటున్నాం. అద్దం ముందు నిలబెట్టి చేయించే సాధన మీద నాకు నమ్మకం లేదు. సంఘ సమావేశంలో లేచి నాలుగు మాటలు మాట్లాడటం అలవాటైన అమ్మాయికి ఇంటర్వ్యూ గది అంత కొత్తగా ఉండదు. బట్టలంటారా, ఉతికి ఇస్త్రీ చేసిన చుడీదార్ చాలు. అప్పు చేసి కొత్త బట్టలు కొనిపించొద్దు. నల్లగా ఉన్న పిల్లలను పట్టుకుని పౌడరు ఎక్కువ రాసుకోమని చెప్పే శిక్షకులను మాత్రం దయచేసి మార్చండి.

మనం ఎంత తయారు చేసి పంపినా, అవతల చూసేది పనితనం ఒక్కటే కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు వాళ్లు ఒకే రకం అర్హతలతో, వేర్వేరు పేర్లతో దరఖాస్తులు పంపారు. అగ్రకుల హిందువుల పేర్లకు వచ్చినన్ని పిలుపులు దళితుల పేర్లకు, ముస్లింల పేర్లకు రాలేదు. ఆ ఏడాదే వెలువడిన మరో అధ్యయనం కోసం సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ నియామకాలు చేసే మేనేజర్లతో మాట్లాడారు. ప్రతిభే చూస్తామంటూనే వాళ్లు కుటుంబ నేపథ్యం తప్పకుండా అడుగుతామన్నారు. మీ నాన్న ఏం చేస్తారు, ఏ వాడలో ఉంటారు, ఇంటిపేరేమిటి? మన దగ్గర ఈ ప్రశ్నలకు అర్థమేమిటో నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. కుల వివక్ష తాకని స్త్రీని ఊహించుకుని శిక్షణ తయారుచేస్తే అది కొందరికే పనికొస్తుంది.

ఇక ఆడపిల్లలను మాత్రమే అడిగే ప్రశ్న ఉంది. "పెళ్లెప్పుడమ్మా?" పెళ్లయిందంటే "పిల్లలా?" ఇదేమీ కొత్త కాదు. నీరా మాథుర్ కేసు మీకందరికీ తెలియాలి. ఆమె పరీక్ష రాసి, ఇంటర్వ్యూ నెగ్గి, ఎల్.ఐ.సి.లో అసిస్టెంటుగా చేరారు. ప్రొబేషన్‌లో ఉండగా కాన్పు సెలవు తీసుకున్నారు. ఉద్యోగం తీసేశారు. ఎందుకంటే చేరేటప్పుడు నింపిన పత్రంలో బహిష్టు తేదీ సరిగా రాయలేదట! చివరిసారి బహిష్టు ఎప్పుడు, ఎన్నిసార్లు గర్భం వచ్చింది అనే ప్రశ్నలు ఆ పత్రంలో అచ్చయి ఉన్నాయి. 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది, ఆ ప్రశ్నలు తొలగించమంది. పత్రంలోంచి పోయిన ప్రశ్న నోటి మాటగా బతికే ఉంది. చెన్నై దగ్గరి ఫాక్స్‌కాన్ ఐఫోన్ కర్మాగారంలో పెళ్లయిన స్త్రీలను ఉద్యోగాల్లోకి తీసుకోకుండా పక్కనపెట్టారని 2024 జూన్‌లో రాయిటర్స్ బయటపెట్టింది.

చట్టం ఏమంటుంది? నియామకంలో స్త్రీల పట్ల వివక్ష చూపరాదని 1976 నాటి సమాన వేతన చట్టం అయిదో సెక్షన్ చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్ మూడో సెక్షన్ కూడా అదే చెబుతోంది. ఈ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. కానీ "పెళ్లెప్పుడు" అని అడగడమే నేరమని ఎక్కడా రాసి లేదు. అడిగి, కారణం చెప్పకుండా పంపేస్తే రుజువు చేయడం కష్టం.

"26 వారాల ప్రసూతి సెలవు జీతం మేమెలా భరిస్తాం?" అని యాజమాన్యాలంటాయి. మన అమ్మాయిలు వెళ్లే చిన్న జీతాల ఉద్యోగాల విషయంలో ఈ వాదన చాలావరకు నిలవదు. 2017 నుంచి నెలకు 21,000 రూపాయలు మించని జీతాలకు ఇ.ఎస్.ఐ. వర్తిస్తోంది. అలా నమోదై, చందా కట్టిన రోజులు సరిపోతే ప్రసూతి కాలపు డబ్బు ఇచ్చేది ఇ.ఎస్.ఐ. కార్పొరేషనే. ఈ సంగతి మన కార్యకర్తలు సంస్థలకు వెళ్లి మాట్లాడేటప్పుడు నొక్కి చెప్పాలి.

మరి గదిలో కూర్చున్న పిల్ల ఏమనాలి? అక్కడికక్కడే నిలదీయాలని కొందరు మిత్రులంటారు. నేను ఒప్పుకోను. బయట బెంచీ మీద ఇంకో పదిమంది ఉన్నప్పుడు ఒంటరి అమ్మాయి చేత ఉద్యమం చేయించలేం. "పనివేళలకు నాకే ఇబ్బందీ లేదు సార్, ఎప్పుడు చేరమంటే అప్పుడు చేరతాను" అంటే చాలు. వాళ్ల అనుమానానికి జవాబు వచ్చింది, తన పెళ్లి సంగతి తన దగ్గరే ఉంది. నిలదీయడం మన పని. ఎవరు, ఎప్పుడు, ఏ మాటలతో అడిగారో తిరిగి రాగానే రాయించుకుని, సంస్థ పేరుతో ఉత్తరం పెట్టాలి.

ఆ అమ్మాయి అడగాల్సినవి వేరే ఉన్నాయి. మూల వేతనంలో పి.ఎఫ్.కి 12 శాతం, జీతంలో ఇ.ఎస్.ఐ.కి 0.75 శాతం పోగా చేతికెంత వస్తుంది? నియామక పత్రం ఇస్తారా? జీతం కంపెనీ ఇస్తుందా, కాంట్రాక్టరా? రాత్రి షిఫ్టయితే బండి ఇంటిదాకా వస్తుందా, మెయిన్ రోడ్డు మీద దింపేస్తారా? పదిమంది పనిచేసే ప్రతిచోటా 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అందులో ఎవరున్నారు? ఇవన్నీ మర్యాదగానే అడగొచ్చు. అడిగిన అమ్మాయిని పొగరుబోతు అనుకునే మేనేజర్లు లేకపోలేదు, పని తెలిసిన మనిషి అనుకునేవాళ్లనూ నేను చూశాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు, డిపాజిట్టు పేరుతో డబ్బు మాత్రం ఎవరడిగినా ఇవ్వొద్దని గట్టిగా చెప్పండి.

చివరగా మన రిజిస్టర్ల సంగతి. గ్రామీణ యువతకు శిక్షణ ఇచ్చే కేంద్ర పథకం 2014లో మొదలైంది. అందులో కనీసం మూడో వంతు స్త్రీలుండాలన్నారు. మంచిదే. కానీ మన దగ్గర నింపే గళ్లు ఎన్ని? చేరిన తేదీ, జీతం, మూడు నెలలు ఉందా లేదా. మానేస్తే "డ్రాపౌట్" అని రాస్తాం. హాస్టల్లో నీళ్లు లేక మానేసిందా, సూపర్‌వైజరు వల్ల మానేసిందా, ఇంట్లో పిలిపించారా? దానికి గడి లేదు. ఇంటర్వ్యూలో ఏమడిగారో రాయడానికీ లేదు. ఈ రెండు గళ్లు ఎలా ఉండాలో మధ్యాహ్నం బృందాలుగా కూర్చుని రాద్దాం. రిజిస్టర్లు తెచ్చినవాళ్లు దయచేసి భోజనాలప్పుడు నాకు చూపించండి.